టెర్రస్ మీద నీలం డ్రమ్ము

మొదటిసారి నేను ఐసు నీళ్లలో ఉన్నది మహా అయితే ఇరవై సెకన్లు. ఆఫీసు వాళ్లం నలుగురం ఒక శనివారం బెంగళూరు ఇందిరానగర్ వైపు అలాంటి తొట్లు పెట్టిన చోటికి వెళ్లాం. మనిషికి పన్నెండు వందలు. బీపీ ఉందా, గుండె సంగతేంటి అని అడిగినవాడు లేడు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, చెక్క తొట్టి చూపించి, దిగండి సార్ అన్నారు. నీళ్లు ఐదు డిగ్రీలట. నడుం దాకా దిగానో లేదో, వెనకనుంచి ఎవరో వీపు మీద చరిచినట్టు ఊపిరి గభాల్న లోపలికి పోయింది. పోయింది పోయినట్టే ఉంది, బయటికి రాదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అంచు పట్టుకుని ఎట్లా ఎక్కానో ఎక్కి బయటపడ్డాను. మా టీమ్‌లో నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన అమ్మాయి రెండు నిమిషాలూ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ ఫొటో మా గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. వెనకాల తువ్వాలు కప్పుకుని వణుకుతున్న శాల్తీ నేనే.

నాకు ఎక్కడ తగిలిందంటే, మాది మడకశిర దగ్గర పల్లె. ఆ పక్క చలి ఎట్లాంటిదో తెలిసినవాళ్లకి తెలుసు. మా ఇంటి వెనక సిమెంటు గాబు ఉండేది. సంక్రాంతి రోజుల్లో దాని మీద పొగమంచు ఆవిరిలా లేస్తుంటే, అందులో చెంబు ముంచి నెత్తిన పోసుకుని బడికి పోయినవాణ్ణి. పంతొమ్మిదేళ్ల బెంగళూరు గీజరు నన్ను ఇంత చేసిందా అని ఉడుకుమోత్తనం వచ్చింది. పొగరు అనండి, ఇంకేమైనా అనండి, మొదలైంది మాత్రం అందుకే.

చేస్తే బయటే చెయ్యాలి, ఆకాశం కింద, నిజమైన చలికాలంలో అనుకున్నాను. కానీ బెంగళూరులో ఎక్కడ దిగుతారు? చెరువుల మాట ఎత్తకండి. బెళ్లందూరు చెరువు నురగ రోడ్డు మీదికి రావడం, ఆ చెరువుకే నిప్పంటుకోవడం ఈ ఊళ్లో ఉన్నవాళ్లందరం టీవీలో చూసినదే. సదాశివనగర్‌లో కె.సి.రెడ్డి గారి పేరు మీద ఉన్న ఈతకొలను ఆరుబయటిదే. మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఆయన, మా పక్కనే ఉన్న కోలారు జిల్లావారు. కానీ మేముండే రామమూర్తినగర్ నుంచి తెల్లారుజామున అంత దూరం పోయి రావడం వారానికొకసారి కూడా కుదరలేదు. ఇక మిగిలింది ఇంటి మీద టెర్రస్.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇందులో నేను చేసిన మొదటి తెలివైన పని అదే, రెండోది రావడానికి చాలా రోజులు పట్టింది. బీపీ గీతకి అటూ ఇటూ ఉంది, ఈసీజీ బాగానే ఉంది. ఆయన చెప్పింది మూడు ముక్కలు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, చలికి వేళ్లు తెల్లగా పాలిపోయే జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఒంటరిగా చెయ్యకూడదు. మందు తాగి అస్సలు చెయ్యకూడదు. "చేయాలని మీకు ఎందుకనిపించింది?" అని కూడా అడిగారు. ఫొటో సంగతి చెప్పలేదు, ఆరోగ్యం కోసమండీ అన్నాను.

ఆ తర్వాత నాకు జరిగింది ఏమిటో చదువుకున్నాను. దాన్ని కోల్డ్ షాక్ అంటారు. చర్మం ఒక్కసారిగా చల్లబడితే, మన ప్రమేయం లేకుండానే ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ వెంటనే ఎగశ్వాస మొదలవుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. మొదటి అర నిమిషంలో ఉధృతంగా ఉండి, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. అంటే నేను బయటికి దూకింది సరిగ్గా అది శిఖరం మీద ఉన్నప్పుడు. ఇంగ్లండులో పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైక్ టిప్టన్ దశాబ్దాలుగా చదువుతున్నది దీన్నే. చన్నీళ్లలో పడి చనిపోయేవాళ్లలో చాలామంది ఒళ్లు గడ్డకట్టి కాదు, ఈ మొదటి నిమిషంలో ఊపిరితోపాటు నీళ్లు పీల్చి పోతారని ఆయన చెప్పేది. మంచి వార్త కూడా ఉంది. మూడేసి నిమిషాల చొప్పున ఓ ఆరుసార్లు మునిగితే చాలు, ఆ ఎగశ్వాస దాదాపు సగానికి తగ్గుతుందట. ఆరుసార్లు! ఆరుసార్లు నేను దేన్నైనా ఓర్చుకోగలను.

డ్రమ్ము కొనడం వేరే కథ. రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు సెకండ్‌హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి. అంతకుముందు అందులో ఏముండేదో చూసుకోవాలి. రంగులదో, కెమికల్‌దో అయితే ఎన్ని కడుగులు కడిగినా వద్దు. నాకు దొరికింది చిన్న దోసకాయల ఊరగాయ ఎగుమతి చేసేవాళ్లది, తొమ్మిది వందలు. తిండి సరుకుదే కదా అని తెచ్చాను. సోడా వేసి మూడుసార్లు తోమాను. అయినా రెండు వారాలు నా ఒంటి మీద సన్నగా వెనిగర్ వాసన. లిఫ్టులో జనం అటూ ఇటూ చూసేవాళ్లు.

డ్రమ్ము ఎక్కడ పెట్టాలన్నది మా ఇంటి ఓనరు తాత తేల్చాడు. తాత బెంగళూరు రెడ్డి, పుట్టింది పెరిగింది ఇక్కడే. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అందులో సగం కన్నడం.

"ఏం సార్, గీజరు కెట్టోయిందా? చెప్పింటే మెకానిక్‌ని పిలుస్తా ఉంటిని కదా."

"లేదు తాతా, చన్నీళ్లలో కూర్చోవాలని."

"సుమ్నే కూర్చుంటావా?"

"సుమ్నే." కన్నడంలో ఊరికే అని.

కాసేపు నన్ను చూసి, టెర్రస్ మూలకి నడిచి కాలితో తట్టాడు. "ఈడ పిల్లర్ ఉంది. నడిమిట్లో పెట్టొద్దు." నీళ్లూ నేనూ కలిపి రెండు వందల కిలోలు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మొదటిరోజు ఉత్సాహం కొద్దీ అంచు దాకా నింపాను. దిగాను. ఎనిమిదో తరగతిలో చదువుకున్న ఆర్కిమెడీసు నా ఒంటి కొలతకి సరిగ్గా సరిపడా నీళ్లు బయటికి తోసి, వాన గొట్టం గుండా కింద ఆపిన స్కూటర్ల మీదికి పంపించాడు. 2024 వేసవిలో ఈ ఊరు నీళ్లకి ఎట్లా కటకటలాడిందో మర్చిపోనివాళ్లు ఎవరూ ఇట్లాంటి పని చెయ్యరు. ఆ తర్వాత డ్రమ్ము లోపల నూట ఇరవై లీటర్ల దగ్గర గీత పెట్టుకున్నాను. నీళ్లు మూడు రోజులకొకసారి మార్చి, పాతవి బకెట్లతో తాత పెంచే కుండీలకి పోసేవాణ్ణి. పగలంతా మూత బిగించాల్సిందే, లేకపోతే డెంగీ దోమలకి మనమే ఇల్లు కట్టినట్టు.

చేపల తొట్టెలో వేసే గాజు థర్మామీటరు ఒకటి కొన్నాను. అరవై రూపాయలు. అది నా బుర్రని ఎంత తినేసిందంటే, నవంబరంతా ఇంట్లో నేను ముట్టుకోని నీళ్లు లేవు. బోరు నీళ్లు తెల్లారుజామున ఇరవై ఐదు. చేతికి వెచ్చగా తగులుతాయి. భూమి లోపల ఏడాదంతా ఒకే వేడి ఉంటుంది కాబట్టి అవి వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా అనిపిస్తాయి. మారేది బయటి గాలి. మేడ మీద కావేరి నీళ్ల నల్ల సింటెక్స్ ట్యాంకు పగలు తాగిన ఎండని రాత్రంతా దాచుకుని పొద్దున్నే ఇరవై చూపిస్తుంది. అదే నీళ్లు మూత తీసిన డ్రమ్ములో, మబ్బు లేని రాత్రంతా ఆకాశం కింద ఉంటే పదిహేడున్నర. పైకి వేడి పోవడం ఒకటి, పొడిగాలికి నీళ్లు ఆవిరవుతూ చల్లబడడం ఒకటి. కుండలో నీళ్లు చల్లబడే లెక్కే. మబ్బు పట్టిన రాత్రి అయితే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ ఉండేది. ఇది నేను రాసిపెట్టుకున్న లెక్క, చెన్నైలో ఉండే మా తోడల్లుడికి గొప్పగా పంపితే "మాకు జనవరిలో కూడా కొళాయి తిప్పితే గోరువెచ్చగానే వస్తాయి, నీ పిచ్చి అక్కడే కానీ" అన్నాడు.

పదిహేడున్నర ఏం చలి అంటారేమో. గాలి పదిహేడు ఉంటే స్వెట్టర్ వేసుకుని కాఫీ తాగుతాం. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు జోరుగా ఒంట్లో వేడిని లాగుతాయి. ఆ తేడా పొట్టకి తెలుస్తుంది. పాదాలు ఓర్చుకుంటాయి, మోకాళ్లు ఓర్చుకుంటాయి, బొడ్డు దగ్గరికి నీళ్లు రాగానే ఒళ్లంతా ముడుచుకుని పైకి లేస్తుంది.

మొదటి వారం నేను చేసిన తప్పు ఊపిరి గట్టిగా బిగబట్టడం. పళ్లు కొరుక్కుని, పిడికిళ్లు బిగించి, ఫోనులో సెకన్లు చూస్తూ కూర్చునేవాణ్ణి. రెండు నిమిషాలయ్యేసరికి మెడ నరాలు పట్టేసేవి. ఆఫీసు లీడు ఒక వీడియో పంపాడు, నెదర్లాండ్స్ మనిషి విమ్ హాఫ్ పద్ధతి, గబగబా ముప్పై ఊపిర్లు తీసి ఆపడం. దాన్ని నీళ్లలో మాత్రం చెయ్యకూడదు. అట్లా తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, ఊపిరి కావాలన్న తపన ఆలస్యంగా పుడుతుంది. ఈలోగా స్పృహ తప్పొచ్చు. చాప మీద ఒకసారి చేసి చూశాను, కళ్లు తిరిగాయి, వదిలేశాను.

నాకు ఊపిరి నేర్పినవాళ్లు కింది పోర్షన్‌లో ఉండే కుర్రాళ్లు. ముగ్గురు, కర్నూలు వైపు పిల్లలు, ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నారు. నవంబరు మధ్య నుంచి మండలం, నలభై ఒక్క రోజులు. పొద్దున్నే ఐదున్నరకి ఇంటి వెనక కొళాయి దగ్గర చన్నీళ్లు. నేను డ్రమ్ము అంచున నిలబడి ధైర్యం కూడగట్టుకుంటుంటే, కింద నుంచి మగ్గు నీళ్లు పడిన చప్పుడు, వెంటనే "స్వామియే... శరణమయ్యప్పా!" అని గొంతెత్తిన కేక. మళ్లీ మగ్గు. మళ్లీ కేక. చాలా రోజులు అది భక్తి అనే అనుకున్నాను. భక్తే. కానీ ఒకరోజు చెవి పెట్టి విన్నాను: నీళ్లు మీద పడిన క్షణానికి వాళ్ల నోట్లోంచి గాలి బయటికి వస్తోంది, పొడవుగా. నాకేమో లోపలికి పోతోంది. గొంతెత్తి అరుస్తున్నవాడికి గుటక్కున ఊపిరి లాగే సందు లేదు.

మర్నాడు డ్రమ్ములో దిగుతూ నేనూ పైకే అన్నాను. శరణుఘోష కాదు, మాల లేనివాణ్ణి, మొహమాటం. మా అమ్మ కార్తీకమాసం అంతా గాబు దగ్గర చదివే శ్లోకం, "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి". ఒక పాదానికి ఒక ఊపిరి, సాగదీసి. నర్మదే సింధు కావేరి దగ్గరికి వచ్చేసరికి భుజాల దాకా నీళ్లలో ఉన్నాను. గుండె కొట్టుకుంటోంది కానీ ఊపిరి నా చేతిలో ఉంది. చిన్నప్పుడు అమ్మ స్నానం చేస్తూ అంత గట్టిగా ఎందుకు చదువుతుందా అనుకునేవాణ్ణి. ఊళ్లో మిగతా ఆడవాళ్లూ అంతే. అది కావాలని పెట్టారో, చలికి అట్లా వచ్చేసిందో నాకు అక్కర్లేదు, నాకు పనికొచ్చింది. నర్మద ఏమిటో, డ్రమ్ములో ఉన్నవి అక్షరాలా కావేరి నీళ్లే కదా, తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్లు పంపులతో ఎక్కించి తెచ్చినవి అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే కూడా గాలి బయటికే వస్తుంది.

ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో ఆ మొదటి దెబ్బ నిజంగానే మెత్తబడింది. దిగి, శ్లోకం రెండుసార్లు చదివి, ఆపై నిశ్శబ్దంగా కూర్చోగలిగాను. టెర్రస్ మీద పూర్తిగా తెల్లవారదు. పక్కింటి కొబ్బరిమట్టల మీద మసక వెలుగు. ఎక్కడో పాలవాడి బండి. చర్మం మొదట మండి, తర్వాత సూదులు గుచ్చినట్టు చిమచిమలాడి, మూడో నిమిషానికి మొద్దుబారి, ఒంటి చుట్టూ పల్చటి వెచ్చటి పొర ఒకటి ఏర్పడినట్టు ఉంటుంది. కదలకపోతే ఆ పొర ఉంటుంది, చెయ్యి ఊపామా చెదిరిపోయి మళ్లీ కొరుకుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు గానీ చెప్పాలి: ఒకటికి వస్తుంది, తన్నుకుని వస్తుంది. చర్మం కింది రక్తం లోపలికి మళ్లేసరికి, ఒంట్లో నీళ్లు ఎక్కువయ్యాయని మూత్రపిండాలు అనుకుంటాయి. దిగే ముందే వెళ్లొచ్చినా అంతే.

మా ఆవిడకి దీనిమీద పెద్ద అభిప్రాయం లేదు. "కరెంటు బిల్లు తగ్గుతుంది, కానీండి" అంది. తాత మాత్రం రోజూ ఐదున్నరకి మఫ్లర్ చుట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు. ఒంటరిగా చెయ్యొద్దన్న డాక్టరు మాట అట్లా నెరవేరింది.

ఇంత సాఫీగా పోతున్నదాన్ని పాడుచేసింది థర్మామీటరే. ఎక్కడో చదివాను: బ్రిటన్ సముద్రతీరంలో మునిగేవాళ్లను కాపాడే లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లెక్కలో, పదిహేను డిగ్రీల కిందివే చన్నీళ్లు. అక్కడి సముద్రమే సగటున పన్నెండు. అంటే మూడు వారాలుగా నేను కూర్చుంటున్నవి అసలు చన్నీళ్లే కావు! బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ చలి 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు జనవరి పొద్దున పదిహేను, పదహారు. ఆకాశాన్ని నమ్ముకుంటే మనకి పదిహేను కిందికి నీళ్లు రావు.

ఐసు వేద్దామనుకున్నాను. లెక్క కాగితం మీద వేశాను, నూట ఇరవై లీటర్లని పద్దెనిమిది నుంచి పన్నెండుకి దించాలంటే దగ్గర దగ్గర ఎనిమిది కిలోల ఐసు. కరిగేటప్పుడు మంచు మింగే వేడి అంత ఎక్కువ మరి. ఆదివారం తెల్లారుజామున యాప్‌లో కిలో ప్యాకెట్లు పది పెట్టాను. డెలివరీ కుర్రాడు సంచులు మెట్ల మీద దించి, టైము చూసుకుని, "పార్టీ ఇంకా నడుస్తోందా అన్నా?" అన్నాడు.

ఆ రోజు తాత లేడు, కోలారు వైపు పెళ్లికి వెళ్లాడు. ఆవిడని లేపబుద్ధి కాలేదు. ఒక్కరోజుకేముందిలే అనుకున్నాను. ఫోను గోడ మీద ఆనించి వీడియో కూడా పెట్టాను, ఆఫీసు గ్రూపు కోసం. పన్నెండున్నర చూపించింది. దిగాను, శ్లోకం చదివాను, ఊపిరి నిలబడింది. మూడు నిమిషాలు అనుకున్నాను. మూడు నిమిషాలకి నొప్పి పోయింది. హాయిగా ఉంది. ఆ హాయినే నమ్మకూడదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ తొమ్మిది నిమిషాలు కూర్చున్నాను.

లేచి నిలబడ్డాను. డ్రమ్ము అంచు తొడ దాకా ఉంటుంది, రోజూ కుడికాలు ఎత్తి బయట స్టూలు మీద వేస్తాను. ఆ రోజు కాలు ఎత్తితే సగంలో ఆగిపోయింది. చేతులతో అంచు పట్టుకున్నాను, పట్టుకున్నట్టు కళ్లకి కనిపిస్తోంది కానీ వేళ్లకి తెలియడం లేదు. బలం పెట్టి పక్కకి ఒరిగాను. డ్రమ్ము కూడా నాతోపాటు ఒరిగింది. నీళ్లు, ఐసు ముక్కలు, నేను, అన్నీ కలిసి టెర్రస్ మీద పడ్డాం. మోచెయ్యి గీరుకుపోయింది, నొప్పి లేదు. తలుపు దగ్గరికి వెళ్లి గడియ తియ్యబోయాను. మామూలు ఇనప గడియ, మా నాలుగేళ్ల పాప తీస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావు. రెండు అరచేతుల మధ్య గడియ ఇరికించి, ఆవు మూతితో గేటు తోసినట్టు తోశాను.

అసలు చలి అప్పుడు మొదలైంది, నీళ్లలోంచి బయటికొచ్చిన పది నిమిషాలకి. బయటికొచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కొంతసేపు పడిపోతూనే ఉంటుంది, కాళ్లూ చేతుల్లోని చల్లటి కండల చలి నెమ్మదిగా లోపలికి పాకుతుంది. ఆ మాట చదివాను కానీ చదవడం వేరు. దవడ టకటకమని కొట్టుకుంటుంటే నోట్లోంచి మాట రాక, నేరుగా బాత్‌రూములోకి వెళ్లి గీజరు నీళ్లు తిప్పుకుని కింద నిలబడ్డాను. అది రెండో తప్పు. చర్మం కింద ముడుచుకున్న రక్తనాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటే బీపీ పడిపోతుంది. కళ్లముందు నల్లచుక్కలు. నేల మీద కూర్చుండిపోయాను, బకెట్టు పట్టుకుని.

ఆవిడ ఏమీ అనలేదు. పొడి బట్టలు తొడిగి, రెండు దుప్పట్లు కప్పి, రాగిజావ గ్లాసు చేతికిచ్చింది. చేతులు వణికి ఒలికిపోతుంటే తనే పట్టుకుని తాగించింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ, "ఆ వీడియో తీసెయ్యండి" అంది. అంతే.

చూశాను ఆ వీడియో, తీసేసే ముందు ఒకసారి. ఏడో నిమిషంలో నా మొహం మీద ఒక వెర్రి చిరునవ్వు ఉంది. అది నాకు గుర్తే లేదు.

నాలుగు రోజులు టెర్రస్ ఎక్కలేదు. తాత పెళ్లినుంచి వచ్చి సంగతంతా విని, డ్రమ్ముని ఒక్క మాట అనకుండా దొర్లించుకుపోయి వాన గొట్టం కింద పెట్టేశాడు. మర్నాడు ఆటోలో ఏదో దించుతున్నాడు. పశువులకి కుడితి పెట్టే నల్ల ప్లాస్టిక్ తొట్టి, అంచు మోకాలెత్తు. "దీంట్లో పన్నుకో. పడినా ఏంగాదు." డబ్బులిస్తే, తొట్టి నీది కాదు, అద్దెకిస్తున్నా అన్నాడు. ఇప్పటికీ అద్దె చెప్పలేదు.

ఆ తొట్టిలో కాళ్లు చాపుకుని, ఐసు లేకుండా, పదిహేడో పద్దెనిమిదో ఎంతుంటే అంత, మూడు నాలుగు నిమిషాలు. దిగే ముందే పొడి తువ్వాలు, స్వెట్టర్, మేజోళ్లు వరసగా కుర్చీ మీద. బయటికొచ్చాక తడి గుడ్డ తీసి పొడిది తొడుక్కోవడమే మొదటి పని, ఫోను చూడడం కాదు. వేడినీళ్ల స్నానం గంట తర్వాతే. వేడి కాఫీ, కాస్త అటూ ఇటూ నడక. వణుకు వస్తే రానివ్వడం, అది ఒళ్లు పొయ్యి వెలిగించుకోవడం.

దీనివల్ల ఏం వచ్చిందని అడిగేవాళ్లకి నా దగ్గర పెద్ద జాబితా లేదు. బరువు తగ్గలేదు. డిసెంబరులో జలుబు అందరితోపాటే వచ్చింది. మోకాలి నొప్పి ఎక్కడిదక్కడే. పొద్దున పదకొండు దాకా బుర్ర మాత్రం కడిగిన పలకలా ఉంటుంది, అది నిజం. చన్నీళ్లు, మెదడుకి హుషారు తెచ్చే డోపమైన్ అనే రసాయనాన్ని రెండున్నర రెట్లు పెంచుతాయని ఇంటర్నెట్టంతా రాస్తారు. ఆ మాట 2000లో చెక్ దేశపు పరిశోధకులు వేసిన వ్యాసంలోది, పెరిగింది 250 శాతం. అందులో మనుషులు 14 డిగ్రీల నీళ్లలో గంటసేపు కూర్చున్నారన్న ముక్క మాత్రం ఎవరూ రాయరు. జిమ్‌కి పోయి బరువులెత్తే కింది కుర్రాడొకడు మాల తీశాక నాతో చేరతానన్నాడు. బరువులెత్తగానే చన్నీళ్లలో కూర్చుంటే కండ పెరగడం తగ్గిందని ఆస్ట్రేలియాలో పన్నెండు వారాలు చూసి 2015లో రాశారు, వేరే పూట రా అని చెప్పాను. మొదటిరోజు అతను దిగుతూనే అలవాటుగా శరణుఘోష ఎత్తుకున్నాడు. ఒక్క గుటక లేదు. తాత కుర్చీలోంచి, "ఈయన నీకంటే గట్టి" అన్నాడు.

భోగికి ఊరికి పోయాం. తెల్లారకముందే లేచి, థర్మామీటరు జేబులో వేసుకుని గాబు దగ్గరికి వెళ్లాను. పైన పొగమంచు, చిన్నప్పటిలాగే. ఎర్ర గీత నెమ్మదిగా దిగి పద్నాలుగు దగ్గర ఆగింది. పది ప్యాకెట్ల ఐసు డబ్బులు గుర్తొచ్చాయి. చొక్కా విప్పుతుంటే అమ్మ వెనకాల నిలబడి ఉంది, చేతిలో నూనె గిన్నె.

"ఏందిరా అది, జ్వరమా?"

"నీళ్లకి చూస్తున్నానమ్మా."

"నీళ్లకి జ్వరమేంది? భోగి పొద్దు ఎవురన్నా చన్నీళ్లు పోసుకుంటారా, నువ్వేమన్నా స్వామివా? రా, తలకి అంటుతా. అండాలో నీళ్లు మరిగిపోతాండాయి."

వెళ్లాను. నూనె అంటి, కుంకుడురసం కళ్లలో పోసి, చెంబు చెంబుకీ చర్మం ఎర్రబడేంత వేడినీళ్లు పోసింది. కనుమకి ఎద్దుల్ని కడగాలి, గాబు నిండా పట్టిపెట్టు అంది తుడుచుకుంటుండగానే. మోటారు వేశాను. బోరు నీళ్లు గాబులో పడుతుంటే థర్మామీటరు ఇంకా అందులోనే తేలుతోంది. పదహారు, పంతొమ్మిది. ఇరవై మూడు దాటాక తీసి జేబులో పెట్టుకున్నాను.